గిద్ద నిండితే సోలలోకి

మొన్న పై వాటాలో అద్దెకుంటున్న మౌనిక కిందికి దిగి వచ్చి మా వంటింటి గుమ్మంలో చతికిలబడింది. ఏడుపు ఆపుకుంటూ, వాళ్ళ పాపకి లెక్కలు రావడం లేదని బళ్ళో చెప్పారంది. పాపకి నాలుగేళ్ళు నిండి ఎంతో కాలం కాలేదు. వంద దాకా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పే పిల్లకి లెక్కలు రాకపోవడమేమిటని అడిగాను. అంకెలైతే చెప్తుందట గానీ, ఐదు బిస్కెట్లు తెమ్మంటే గుప్పిట్లో పట్టినన్ని తెచ్చి పెడుతుందట. ట్యూషన్ పెట్టాలా, ఫోన్లో ఏదైనా యాప్ వేయాలా, ఇన్నేళ్ళు అంగన్‌వాడీలో చేశావు కదా పిన్నీ, నువ్వే చెప్పు అంది. నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాదు. "మీ ఇంట్లో బియ్యం ఎవులు కొలుత్తారు?" అని అడిగాను. కుక్కరుతో వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో తనే వేస్తానంది. "రేపట్నించి పాప సేత ఏయించు. అన్నం తక్కువైతే తక్కువే తినండి" అన్నాను. తను అడిగిందేమిటి, నేను చెప్పిందేమిటి అన్నట్టు నన్ను చూసి, లేచి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి వెళ్ళాక అటక మీది గోనెసంచి దింపించాను. అందులో మా అమ్మ కొలతలున్నాయి. ఇత్తడి గిద్ద, సోల, తవ్వ. మానిక ఇనుపది, అడుగు తుప్పు తినేస్తే ఎప్పుడో పారేశాం. సోల అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. మా తమ్ముడు అప్పన్న దాన్ని డప్పు చేసుకుని వాయించిన గుర్తు అది. లోపల ముక్కు పెట్టి చూశాను, తవుడు వాసన వస్తుందేమోనని. రాలేదు. చింతపండు పెట్టి తోమాక మాత్రం ఆ పుల్లటి ఇత్తడి వాసన లేచింది, దాంతోపాటు మల్కాపురంలో మా పాత వంటిల్లంతా లేచి వచ్చింది. ఈ కాలం వాళ్ళకి తెలియదు గనుక చెప్తాను. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుంది. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నా మొదటి చదువంతా ఇంతే. అక్షరాలు నాకు చాలా ఆలస్యంగా వచ్చాయి. తొమ్మిదేళ్ళ దాకా అ ఆలు ఎలా ఉంటాయో తెలియదు, పన్నెండు దాటితే గానీ ఒక పేజీ తడుముకోకుండా చదవలేకపోయాను. లెక్క అలా కాదు. లెక్క ఎప్పుడొచ్చిందని అడిగితే చెప్పలేను, నడక ఎప్పుడొచ్చిందో చెప్పలేనట్టే.

మా అయ్య పోర్టులో కలాసీ. అప్పట్లో ఔటర్ హార్బర్ కడుతున్నారు. ఆ పనులకని మా సొంతూరి మగాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ మగాళ్ళు పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళోనే ఉంచి వచ్చి, మా లైన్ ఇళ్ళలో నలుగురైదుగురు ఒక్కో గదిలో సర్దుకునేవాళ్ళు. వాళ్ళకి మా అమ్మ వండిపెట్టేది. బియ్యం వాళ్ళవి, కట్టెలు వాళ్ళవి, చేతులు అమ్మవి. మా ఇల్లంటే ముందొక అరుగు, ఒక గది, వెనక తాటాకు వంటిల్లు. గాలి పడమటికి తిరిగితే రిఫైనరీ వాసన, తూర్పుకి తిరిగితే ఉప్పుగాలి. ఉతికి ఆరేసిన తెల్ల పంచెల మీద సాయంత్రానికి ఖనిజం దుమ్ము ఎర్రగా కూర్చునేది. వంటింట్లో మాత్రం ఏ గాలీ గెలిచేది కాదు. అక్కడ గంజి వాసన, పచ్చి కట్టెల పొగ, పెనం మీద వేగే నెత్తళ్ళ చేపల వాసన. షిఫ్టు సైరన్ కూసిందంటే మా అమ్మ కొంగు బిగించేది. తమ్ముడు నా చంకలో ఉండేవాడు. నన్ను బడికి పంపడమనే మాట మా ఇంట్లో ఎవరూ కాదనలేదు, అసలు ఎవరూ తలుచుకోలేదు.

నాకు తెలిసి నేను చేసిన మొదటి ఉద్యోగం చింతపిక్కల ఉద్యోగం. పొద్దున పనికి వెళ్ళేవాళ్ళంతా మా అరుగు ముందు నుంచే వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు నా వైపు తలాడించి వెళ్తాడు. తలాడించిన ప్రతివాడికీ కొబ్బరి చిప్పలో ఒక చింతపిక్క వెయ్యాలి. అప్పటికి నాకు పది దాకా కూడా సరిగ్గా రాదు. రానక్కర్లేదు కూడా, మనిషికి పిక్క, అంతే. తర్వాత అమ్మ ఆ చిప్ప తీసుకుని నా ముందే బోర్లించి, పిక్కకి ఒక సత్తు పళ్ళెం చొప్పున పేర్చమనేది. పళ్ళెం మిగిలినా, పిక్క మిగిలినా "ఏటి మిగిలిందో సూడు" అనేది తప్ప తను చేత్తో సర్దేది కాదు. ఇంకో అలవాటుండేది అమ్మకి. లెక్కపెట్టే ముందు కళ్ళతో చూసి చెప్పమనేది. "నిన్నటికంటే ఎక్కువున్నారా, తక్కువున్నారా? ముందు కంటితో సెప్పు, తరవాత సేత్తో సూద్దాం" అనేది. నేను ఎక్కువంటే, ఎంత ఎక్కువ అని అడిగి ఊరుకునేది. ఊరుకోవడమంటే నిజంగా ఊరుకోవడమే. పొయ్యి ఊదుకుంటూ, ఉల్లిపాయ తరుక్కుంటూ, నేను జవాబు తెచ్చేదాకా ఆగేది. పిల్ల జవాబు కోసం అంతసేపు ఆగిన పెద్దవాళ్ళని ఆ తర్వాత నేను చాలా తక్కువమందిని చూశాను.

పిక్కల తర్వాత బియ్యం. కష్టం చేసి వచ్చే మగాడికి పూటకి సోలెడు బియ్యం, నాకు రెండు గిద్దలు, తమ్ముడికి గిద్ద. బియ్యం బాన దగ్గర కూర్చుని అమ్మ కొలుస్తుంటే నేను పైకి చెప్పాలి. మా వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు అనే చెప్పాలి. బియ్యం దగ్గర ఒకటి అంటే అక్కడితో ఆగిపోతుందేమోనని మా పెద్దవాళ్ళ భయం కాబోలు. నేను దేన్ని లెక్కపెట్టినా లాభంతోనే మొదలుపెట్టేదాన్ని. పళ్ళాలైనా, కాకులైనా, తమ్ముడి పళ్ళైనా. కొన్నాళ్ళకి అమ్మ కొలవడం మానేసి అడగడం మొదలుపెట్టింది. ఈ పూట ఆరుగురు, ఎంత? ఆరు సోలలు పోస్తూ కూర్చోవడం దేనికి, మానికా తవ్వా అంటే సరిపోతుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. కనిపెట్టిన రోజున మెచ్చుకుంటుందని ముఖం వంక చూశాను. అమ్మ మెచ్చుకోలేదు. "అయితే మానిక అందుకో" అంది. ఆ పూట నుంచి మానిక నా చేతికిచ్చేసింది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఏముంటుందో అప్పుడు నాకు తెలియలేదు.

ఒక పూట అన్నం తక్కువొచ్చింది. బియ్యం నేనే కొలిచాను. వచ్చినవాళ్ళందరూ తిన్నారు, అయ్య తిన్నాడు, తమ్ముడు తిన్నాడు. కుండలో చూస్తే అడుగంటిన మాడు తప్ప ఏమీ లేదు. అమ్మ కేకలెయ్యలేదు. గంజిలో ఉప్పేసి, ఉల్లిపాయ నలిపి, నాకో లోటా, తనకో లోటా పోసింది. తాగుతూ తాగుతూ, "ఎక్కడ పోనాదే మన కూడు? ఎతుకు" అంది. నేను మళ్ళీ పిక్కలు పరిచి, ఒక్కో పిక్కకీ ఒక్కో పేరు చెప్పుకుంటూ వచ్చాను. మగాళ్ళందరూ ఉన్నారు. అయ్య ఉన్నాడు, అప్పన్న ఉన్నాడు.

"నిన్ను నువ్వు లెక్కెట్టుకోడం మర్సిపోనావు" అంది అమ్మ.

"నువ్వూ లెక్కెట్టుకోవు గదే అమ్మా."

అమ్మ లోటా కింద పెట్టి నవ్వింది. నిజమే, తను ఏనాడూ తనకని గిద్ద కూడా వేసుకోగా నేను చూడలేదు, మిగిలింది తినేది. నేను చూసి నేర్చుకున్న లెక్క అదే. ఆ మర్నాటి నుంచి చిప్పలో మొదటి రెండు పిక్కలు మా ఇద్దరివీ వేసేదాన్ని. లాభం పిక్క అమ్మది.

ఇలా ఉండగా సత్యం వచ్చాడు. గోదావరి జిల్లా కుర్రాడు, హార్బర్ పనిలో వెల్డరు, టెన్తు దాకా చదువుకున్నాడు. మా వాళ్ళందరి మధ్యా అండీ అంటూ మాట్లాడేవాడు ఇతనొక్కడే. ఆయ్ అంటూ అందరూ ఏడిపించేవారు, అతను ఆయ్ అనే జవాబిచ్చేవాడు. అయ్యకి అతనంటే సరదా, వచ్చిన వారం తిరక్కుండానే బావా అని పిలవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అరుగు మీద తింటూ, రేపు మా వాళ్ళు ఇంకో ముగ్గురు వస్తారు, బియ్యం ఎంత పొయ్యాలి అని అమ్మని అడిగాడు సత్యం. తవ్వా సోలా అని నేను లోపలి నుంచి అన్నాను. అతను నోటి దాకా తెచ్చిన ముద్ద అలాగే పట్టుకుని ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు, వాటికీ చెప్పాను. ఏ క్లాసు చదువుతోందండీ అని అయ్యని అడిగాడు. చదవట్లేదంటే అతను నమ్మలేదు.

"బడికేటి బావా, తొమ్మిదేళ్ళొచ్చినాయి దానికి" అన్నాడు అయ్య. "ఇప్పుడు అంపితే ఒకటో తరగతిలో కూకోబెడతారు. పాలు మరవని గుంటల మద్దిన తాటిసెట్టులాగ. నాలుగు రోజులు నవ్వితే అదే పరిగెట్టుకొచ్చీసి ఇంట్లో కూకుంటాది."

"మూడులో కూర్చోబెడితేనండీ?"

"మూడులో అయితే అంపుతాను. ఒకటిలో అయితే వొద్దు. మళ్ళా నన్ను అడగొద్దు."

మా అయ్య చెడ్డవాడు కాదు. పదిమందిలో కూతురు నవ్వులపాలవుతుందని భయపడ్డాడు. కానీ ఆయన ఒకసారి వద్దన్నాక ఆ మాట మళ్ళీ కదిలేది కాదని నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. సత్యం మర్నాడే బడికి వెళ్ళి పెద్ద మాస్టారిని కలిసి వచ్చాడు. అక్షరాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, రెండో తరగతి లెక్కలు చెయ్యగలిగితే మూడులో కూర్చోబెడతాను, లేకపోతే ఒకటే, దసరా సెలవులయ్యాక తీసుకురండి అన్నాడట ఆయన. ఆ రాత్రి అమ్మ పళ్ళాలు తోముతూ సత్యాన్ని ఒకటే అడిగింది, బళ్ళో లెక్కకీ ఇంట్లో లెక్కకీ ఏటి తేడా అని. బళ్ళో రాస్తారండి అన్నాడతను.

వంటింటి గోడ మీద గూటి కింద బొగ్గుతో అంకెలు రాశాడు సత్యం. షిఫ్టుకి ముందు కాసేపు, షిఫ్టు దిగాక కాసేపు చెప్పేవాడు. నేను నేర్చుకున్నది నేను అమ్మకి చెప్పాలి. అది అమ్మ పెట్టిన నిబంధన. పులుసు కలుపుతూ, "ఆ కొడవలిలాగున్నదేటి?" అని అడిగేది, ఏడు అనేదాన్ని. అమ్మ కలిపే గరిటె తీసి గాల్లో ఏడు గీసేది. దసరాకి గోడలకి సున్నం వేసుకుంటే, ఆ అంకెలున్న మేరకి మాత్రం సున్నం తగలకుండా చుట్టూ వేసింది. పండక్కి వచ్చినవాళ్ళందరూ ఆ నల్లటి మరకేమిటని అడిగేవారు. సున్నా దగ్గర నేను మొరాయించాను. ఏమీ లేనప్పుడు ఏమీ లేదని రాయడం దేనికని నా గొడవ. సత్యం రెండు మూడు విధాలుగా చెప్పి చూశాడు, నాకెక్కలేదు. అమ్మ గూట్లోని కొలతల వైపు చూపించింది. "గిద్ద కాళీగున్నా దాని సోటు దానికుంటాది కదే. దాని సోట్లో సోల ఎడతామా?" అంది. అంతే, సున్నా నాకు ఖాళీ గిద్దగా కుదిరిపోయింది.

కూడికలు నేర్పడం మొదలుపెట్టేసరికి సత్యం సెలవుకి ఊరెళ్ళే రోజొచ్చింది. అంకెల్ని ఒకదాని కింద ఒకటి రాసి, కుడి పక్కది చిన్నిల్లు, ఎడమ పక్కది పెద్దిల్లు, చిన్నిల్లు నిండిపోతే పెద్దింటికి ఒకటి పంపాలి అని చెప్పాడు. రైలుకి వేళైందని సంచి తగిలించుకుని వెళ్ళిపోయాడు. పంపడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. అమ్మ కాసేపు ఆ బొగ్గు గీతల్ని చూస్తూ కూర్చుంది. తర్వాత గిద్దా సోలా తెచ్చి నా ముందు పెట్టింది. "గిద్దలు నిండితే ఏటి సేత్తాం? సోలలోకి పోసీస్తాం. ఇదీ అంతే అయ్యుంటాది" అంది. అది వినగానే నాకు లోపల దీపం పెట్టినట్టయింది. ఆ సెలవులన్నీ పలక మీద కూడికలే కూడికలు. చిన్నింట్లో నాలుగయ్యేసరికి పెద్దింట్లోకి ఒకటి పోసేసేదాన్ని, మిగిలింది కింద రాసేదాన్ని. పదహారు రాయమంటే పదహారే రాసేదాన్ని, అరవై రాయమంటే అరవయ్యే రాసేదాన్ని. కూడిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు అంకెలు కనిపించేవి కావు, గిద్దలే కనిపించేవి. తప్పు పట్టగలిగిన మనిషి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

సత్యం ఊరి నుంచి ఇంకా రాలేదు. బడికి అమ్మా, అయ్యా, నేనూ వెళ్ళాం. అమ్మ చీర మీది పసుపు మరకల్ని కొంగుతో కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. పెద్ద మాస్టారు బట్టతల, ముక్కుపొడుం మరకలున్న చొక్కా. బల్ల మీద చాక్‌పీసులు పోసి లెక్కపెట్టమన్నాడు. లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టాను. పక్కనున్న ఇద్దరు మాస్టార్లు నవ్వారు. ఆయన నవ్వలేదు, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నోటి లెక్కలన్నీ సరిగ్గానే చెప్పాను. అప్పుడు పలక తీసి ఇరవై మూడు, దాని కింద పధ్నాలుగు రాసిచ్చాడు. మూడూ నాలుగూ ఏడు. నాలుగు గిద్దలు సోలలోకి పోశాను, మూడు మిగిలాయి. పెద్దింట్లో రెండూ ఒకటీ మూడు, పోసిన ఒకటితో నాలుగు. నలభై మూడు అని రాసి గర్వంగా అందించాను. ఆయన చూసి తప్పన్నాడు. ఇంకోటి ఇచ్చాడు, పన్నెండూ పదమూడూ. ముప్ఫై ఒకటి రాశాను. అదీ తప్పన్నాడు. అయ్య భుజం మీద తువ్వాలు దులుపుకుని వాకిలి వైపు తిరిగాడు. ఆ దులపడం నాకు తెలుసు. ఇక పదండి అని దానర్థం.

పెద్ద మాస్టారు మాత్రం పలక వదల్లేదు. రెండూ ఒక్కలాగే తప్పాయి, ఊరికే తప్పితే ఇలా తప్పవు అని తనలో తనే అనుకున్నాడు. ఎలా చేశావో చెప్పమన్నాడు నన్ను. చిన్నింట్లో ఐదు గిద్దలొచ్చాయి, నాలుగు గిద్దలు సోలలోకి పోశాను, ఒక గిద్ద మిగిలింది అన్నాను. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి అమ్మ మాట్లాడింది. మా అరుగు దాటి, పరాయి మగాళ్ళ ముందు అమ్మ గొంతు నేను విన్నది అదే మొదలు.

"తప్పు నాదండి మాస్టారూ. నాలుక్కే పొయ్యమని నానే సెప్పినాను. గుంటకి రాకపోవడం కాదండి. నాకు రాదు."

"తప్పేం లేదమ్మా" అన్నాడాయన. "పొయ్యడం నువ్వు నేర్పావు. ఎప్పుడు పొయ్యాలో మేం చెప్తాం."

నా వైపు తిరిగి, ఈ బళ్ళో సోలకి పది గిద్దలు పడతాయి, పది నిండేదాకా పొయ్యకు అన్నాడు. పలక తుడిచి ఇరవై ఏడు, దాని కింద పదిహేను రాసిచ్చాడు. ఏడూ ఐదూ పన్నెండు. పది పోశాను, రెండు మిగిలాయి. నలభై రెండు. ఆయన పలకని మాస్టార్లకి చూపించలేదు, అయ్యకి చూపించలేదు. లేచి వెళ్ళి గుమ్మం దగ్గర మా అమ్మకి చూపించాడు. అమ్మకి అంకెలు వచ్చని ఆయనకి తెలియదు, అయినా చూపించాడు. అమ్మ దాన్ని చూసి, "నాలుగు, రెండు" అని చదివింది. అయ్య ఆ మాట విని అమ్మ వంక తిరిగి చూశాడు. అప్పటిదాకా ఆయనకి తెలియదు, వంటింటి గోడ మీది బొగ్గు గీతలు ఒక్క కూతురి కోసమే కాదని.

మూడో తరగతిలో కూర్చున్నాను. తాటిచెట్టులాగే ఉన్నాను, అయ్య చెప్పింది అబద్ధం కాదు. అక్షరాలు నన్ను చాలా ఏడిపించాయి. ఒత్తులూ గుణింతాలూ పిక్కల్లాగా చేతికి దొరికేవి కావు. లెక్కల గంటలో నిలబడగలిగాను గనుకే మిగతా గంటల్లో ఓర్చుకుని కూర్చోగలిగాను. లేకపోతే అయ్య అన్నట్టే నాలుగు రోజుల్లో పరిగెత్తుకొచ్చేసేదాన్ని. సత్యం ఆ తర్వాత స్టీల్ ప్లాంటు పనుల్లోకి వెళ్ళి, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నేను అంగన్‌వాడీలో చేరినప్పుడు ఆయన ఇంటికి వెళ్ళి చెప్పి వచ్చాను. నాకు చదువు వచ్చిందంటే ముగ్గురు కారణం. మా ఇంట్లో తిన్న మనిషి, నా తప్పుని తప్పని కొట్టేయకుండా అడిగి తెలుసుకున్న మనిషి, నా జవాబు కోసం ఆగిన మా అమ్మ.

అప్పుడంతా బాగుండేది, ఇప్పుడంతా పాడైందని నేను అనను. ఆ లైన్ ఇళ్ళలో నా ఈడు ఆడపిల్లలు చాలామంది పలక ముట్టకుండానే అత్తారిళ్ళకి వెళ్ళిపోయారు. సత్యం మా అరుగు మీద కాకుండా పక్క అరుగు మీద భోంచేసి ఉంటే నేనూ అంతే. ఇప్పుడు మౌనిక కూతురిని బడికి పంపాలా వద్దా అని ఎవరూ తువ్వాలు దులపరు. అది చిన్న సంగతి కాదు. కానీ మౌనిక ఇంట్లో పిల్ల చేతికి లెక్క అందే చోటు లేదు. బియ్యం సంచిలో వస్తాయి, కుక్కరుకి కప్పుంది, ఎవరి పళ్ళెం వాళ్ళు తీసుకుని ఎవరి వేళకి వాళ్ళు తింటారు. ఎంతమందికి, సరిపోతుందా, ఎవరు మిగిలారు అని ఆ పిల్లని అడిగేవాళ్ళు లేరు. లెక్కలంటే బళ్ళో చెప్పేవని ఆ అమ్మాయి నమ్మకం, ఎమ్మే చదివినా ఇంట్లో తనేం నేర్పగలదు, టైమేదీ అని బెంగ. అంగన్‌వాడీలో ఉన్నన్నాళ్ళూ తల్లులు నాతో ఇదే అనేవారు, మాకు సదువు లేదమ్మా, మేమేటి నేర్పుతాం అని. చదువు లేనివాళ్ళదీ, చదువు ఎక్కువైనవాళ్ళదీ ఒకటే మాట. వాళ్ళకి చెప్పిందే ఇప్పుడూ చెప్తాను. నేర్పొద్దు. పని చెప్పండి, అడగండి, తర్వాత నోరు మూసుకుని ఆగండి.

నిన్న మధ్యాహ్నం మౌనిక మళ్ళీ దిగి వచ్చింది, చేతిలో మూత పెట్టిన గిన్నె. పాప చేత బియ్యం వేయించిందట. మనిషికో కప్పు అని చెప్తే, అమ్మకీ, నాన్నకీ, తనకీ వేసి, ఇంకో కప్పు ముంచిందట. ఇది ఎవరికే అంటే కింది అమ్మమ్మకి అందట. "తీసేద్దామనుకున్నా పిన్నీ. నువ్వు తియ్యొద్దంటావని వండేశాను" అంది మౌనిక. నేను ఆ అన్నం పెట్టుకుని తిన్నాను. ఆ గిన్నె కడుగుతుంటే, బడి నుంచి మేం ముగ్గురం ఇంటికి వచ్చిన దారి గుర్తొచ్చింది.

మల్కాపురం రాకముందే రైలు గేటు పడింది. పోర్టు లోపలికి ఖనిజం తీసుకెళ్తున్న గూడ్సు. అయ్య షిఫ్టుకి ఆలస్యమవుతోందని విసుక్కుంటున్నాడు. అమ్మ గేటు కమ్మీ రెండు చేతులతో పట్టుకుని ముందుకి వంగింది. వెళ్తున్న ఒక్కో పెట్టెకీ లాభం, రెండు, మూడు అని లోలోపల అనుకుంటూ పెదాలు కదుపుతోంది. బండి నెమ్మదించింది. పెట్టెల మీద తెల్లటి అంకెలు స్పష్టంగా కనిపించాయి. అమ్మ లెక్క ఆపేసి చదవడం మొదలుపెట్టింది, పైకే, గేటు దగ్గర ఆగిన సైకిళ్ళ వాళ్ళందరూ వింటుండగా. ఐదు. సున్నా. ఏడు. మళ్ళీ సున్నా.

"ఏటే, నువ్వూ ఎల్తావేటి మూడో తరగతికి?" అన్నాడు అయ్య.

అమ్మ వినిపించుకోలేదు. బండి వెళ్ళిపోయింది, గేటు లేచింది, సైకిళ్ళు కదిలాయి. వెనక నుంచి ఎవరో తప్పుకోమంటూ బెల్లు కొడుతున్నారు. అమ్మ దూరమైపోతున్న ఆఖరి పెట్టె వైపే చూస్తూ, దాని మీది అంకెలు కనపడినంతసేపు చదువుతూనే ఉంది.